తొమ్మిదో నంబరు మంచం

ఆస్పత్రి రెండో అంతస్తు వార్డులో విలేకరి మంచాలు లెక్కపెట్టుకుంటూ నడిచింది. తలుపు నుంచి కిటికీ దాకా ఒకసారి, కిటికీ నుంచి తలుపు దాకా ఇంకోసారి. రెండుసార్లూ పద్నాలుగే. ప్రతి మంచం దగ్గరా ఆగి, మనిషి ఛాతీ కదులుతోందో లేదో చూసి, పుస్తకంలో ఒక గీత గీసింది.

ఊరి చివరి కోల్డ్ స్టోరేజీలో ఆ ఉదయమే అమ్మోనియా గొట్టం పగిలింది. కూరగాయల పెట్టెలు సర్దే కూలీలు దగ్గుకుంటూ, కళ్లు మండిపోతుంటే ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని బయటపడ్డారు. ఆ ఘాటు ఇంకా వాళ్ల బట్టల్లోనే ఉంది. వార్డులో కాసేపు నిలబడేసరికి విలేకరికి కూడా ముక్కు లోపల గీరుకుపోయినట్టయింది.

తొమ్మిదో నంబరు మంచం మీదున్నావిడకి గొంతు వాచిపోయి మాట రావడంలేదు. మూతికి ఆక్సిజన్ మాస్కు. పక్కన స్టూలు మీద వాళ్లక్క కూర్చుని, గుడ్డ తడిపి పిండి, చెల్లెలి కనురెప్పలు తుడుస్తోంది. తుడిచిన ప్రతిసారీ గుడ్డ మడత మార్చుకుంటోంది.

"వయసెంతమ్మా?"

"ముప్పై ఒకటి."

"నిండాయా? నడుస్తోందా?"

అక్క తలెత్తి చూసింది. "పేపర్లో అంత పట్టింపు ఉంటుందా?"

"ఉండాలి కదమ్మా."

"నిండాయి. పోయిన నెల్లో," అంది అక్క, మళ్లీ గుడ్డ తడుపుకుంటూ.

ఆఫీసు నుంచి ఫోనొస్తే విలేకరి వరండాలోకి వచ్చింది. అవతల లోకల్ పేజీ చూసే ఇన్‌ఛార్జి. అప్పటికే ఆయన గొంతు పెద్దదైపోయి ఉంది.

"నలభై మంది పోయారంటున్నారమ్మా బయట! నా ఒక్కడి ఫోనుకే పదకొండు మంది పంపారు. శవాల్ని లారీల్లో దాటించేశారట. వీడియో కూడా ఉంది."

"ఆ వీడియో నాకూ వచ్చిందండీ. అందులో ఒక్కొక్కడు స్వెట్టరు వేసుకుని ఉన్నాడు. ఇక్కడ నేను చెమటతో తడిసిపోయాను."

"నవ్వులాట కాదమ్మా. అందరూ వేసేస్తున్నారు. మనం ఒక్కళ్లమే వెనకబడతాం."

"పద్నాలుగు మందినీ నేను కళ్లతో చూశాను. ఇద్దరికి బాగా లేదు. విషమం అని రాయండి. డాక్టరు తన నోటితో చెప్పేదాకా, చనిపోయారని మాత్రం రాయకండి. ఎన్ని ఫోన్లొచ్చినా సరే, రాయకండి."

వరండా చివర నీళ్ల కుళాయి దగ్గర నాలుగైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఎవరి చేతిలో ఫోను ఏ దిక్కుగా ఉందో ఆమె చూడలేదు.

*

మర్నాడు పొద్దున్న అత్తగారు ఫోను చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని, కళ్లు చికిలించి, ఒకే వీడియోని మూడుసార్లు చూసింది. తర్వాత కోడల్ని పిలిచింది.

"ఇలా రా. ఈ సంచి నీదే కదూ?"

తొమ్మిది సెకన్ల వీడియో. ఆస్పత్రి వరండా. వెనక నుంచి ఒక ఆడమనిషి. భుజానికి సంచి, జిప్పు పాడైతే పెట్టిన పిన్నీసు. "చనిపోయారని మాత్రం రాయకండి. ఎన్ని ఫోన్లొచ్చినా సరే, రాయకండి." దాని ముందు మాట లేదు, వెనక మాట లేదు. కింద పెద్దక్షరాలు: నలభై ప్రాణాల ఖరీదెంత? అమ్ముడుపోయిన పేపరు బండారం చూడండి, పది మందికీ పంపండి.

పంపింది ఆమె మరిది. కుటుంబం గ్రూపులో, మూడు కోపం బొమ్మలతో.

విలేకరి దాన్ని ఇంకోసారి పెట్టి వింది. తన గొంతే. తనన్న మాటలే. ఒక్కటి కూడా అబద్ధం కాదు.

"వాడికి నువ్వని తెలిసుండదే," అంది అత్తగారు. "తెలిస్తే పంపుతాడా?"

అంతలోనే మరిది ఫోను చేశాడు. "సారీ వదినా! వెనక నుంచి కదా, పోల్చుకోలేకపోయాను. తీసేశాను వదినా, తీసేశాను."

"ఎంతమందికి పంపావు?"

"మూడు గ్రూపులే. ఆఫీసుదీ, అపార్ట్‌మెంటుదీ, మా స్కూలు ఫ్రెండ్సుదీ. ఒకటడుగుతాను, ఏమీ అనుకోవు కదా. నిజంగా ఎంతమంది వదినా?"

"పద్నాలుగు మంది ఆస్పత్రిలో ఉన్నారు. ఎవరూ పోలేదు. పొద్దున్న పేపర్లో రాసింది అదే."

"సరే వదినా. పేపర్లో ఏం రాసుకున్నా, ఇంట్లోవాళ్లకైనా నిజం చెప్పొచ్చు కదా."

ఆమె ఫోను పెట్టేసింది. పదిహేనేళ్లుగా ఈ ఇంట్లో పరీక్షల ఫలితాల దగ్గర్నుంచి కరెంటు కోత దాకా ఏదైనా సరే, 'వదినని అడగండి' అని తనని పిలిచేది ఈ మనిషే.

తొమ్మిదింటికల్లా ఆమె నంబరు ఎవరో ఆ వీడియో కిందే పెట్టారు. కడిగిపారెయ్యండి, అని రాశారు. ఫోను మోగడం మొదలైంది. ఒకడు బూతులు. ఒకావిడ శాపాలు. ఒకడు ఏమీ మాట్లాడకుండా ఊపిరి పీల్చి వదిలి, పీల్చి వదిలి పెట్టేశాడు. ఇంకొకడు చాలా మర్యాదగా, "నీలం రంగు స్కూటరు కదండీ మీది?" అని అడిగాడు. బూతులకన్నా ఆమెని ఎక్కువ భయపెట్టింది ఆ మర్యాదే.

భర్త డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. ఎవరేం చెప్పినా, అందులో ప్రమాదం ఉంటే, కుర్చీలో కూర్చునే కుడికాలితో బ్రేకు తొక్కినట్టు నేలని తొక్కుతాడు. ఇప్పుడూ తొక్కాడు.

"ఇవాళ వెళ్లకు."

"వెళ్లకపోతే పారిపోయిందంటారండీ."

"అననీ. పారిపోయినవాళ్ల ఎముకలు విరగవు."

అయినా వెళ్లింది. కోల్డ్ స్టోరేజీ గేటు ముందు వందమంది దాకా గుమిగూడి ఉన్నారు. స్కూటరు ఆపీ ఆపకముందే ఎవరో "సంచి! ఆ సంచే!" అన్నారు. ఆ మాట అటు చివరికి చేరేలోపు ఒక చెయ్యి వచ్చి స్కూటరు తాళంచెవి లాగేసుకుంది. చుట్టూ ఫోన్లు లేచాయి. సెల్ఫీకి తిప్పిపట్టిన ఒక్కొక్క ఫోనులోనూ తన మొహం ఆమెకే కనిపించింది, చిన్నదిగా, తెల్లగా పాలిపోయి.

"నాతో రండి," అంది. "ఎవరైనా ఇద్దరు రండి. ఆస్పత్రికి వెళ్దాం. మంచాలు మీరే లెక్కపెట్టండి."

"శవాలు లారీలెక్కాక మంచాలు లెక్కపెట్టిందట!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. కోపంగా అరిచినప్పుడు ఆమెకి అంత భయం వెయ్యలేదు. ఆ నవ్వు వినగానే వీళ్లని ఏ మాటతోనూ ఆపలేమని అర్థమైంది.

ఇద్దరు కానిస్టేబుళ్లు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. తాళంచెవి ఎవరో నేల మీదికి విసిరేశారు. వంగి వెతుక్కుంటుంటే, ఆమె చెప్పుల మీద ఎవరో ఉమ్మేశారు. ఆమె తుడుచుకోలేదు. బండి ఎక్కి, మొదటి మలుపు తిరిగాక ఆపి, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

*

మూడో రోజు పగలు పదకొండుంబావుకి వార్డు నర్సు ఫోను చేసింది. ఆస్పత్రి ఫోను కాదు, తన సొంత ఫోను నుంచి.

"తొమ్మిదో నంబరు పోయిందమ్మా. ఇప్పుడే, పదకొండూ పదికి. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. డాక్టరుగారు కాగితం మీద సంతకం పెట్టేశారు. నేను చెప్పానని అనకు."

విలేకరి ఇంట్లో కాలెండరు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. వెంటనే డాక్టరుకి ఫోను చేసింది. ఆయన అవునన్నాడు. సమయం ఆయనా అదే చెప్పాడు. పుస్తకంలో రాసుకుంది. అప్పుడు ఇన్‌ఛార్జికి చేసింది.

"ఇవాళ వద్దమ్మా," అన్నాడాయన.

"డాక్టరు చెప్పారండీ. సంతకం అయింది."

"కాలేదని నేనన్లేదు. నిన్నటిదాకా ఎవరూ పోలేదని రాశాం. ఇవాళ ఒకరు పోయారని రాస్తే ఏమంటారు? చూశారా, ఒకటి ఒప్పుకున్నారు, ఇంకా ముప్పై తొమ్మిది దాచారు అంటారు. పొద్దున్న మా ఇంటి గేటు ఫొటో తీసి నాకే పంపారమ్మా. గేటు లోపల మా అమ్మ బట్టలు ఆరేస్తోంది ఆ ఫొటోలో. దాచమనడంలేదు. రెండ్రోజులు ఆగుదామంటున్నాను. వేడి తగ్గాక లోపలి పేజీలో, చిన్నగా. ఎవరికీ నష్టం లేదు."

"ఆలోచించి చెప్తానండీ," అంది ఆమె.

ఫోను పెట్టేశాక గమనించింది: తనకి హాయిగా ఉంది. రెండ్రోజుల తర్వాత మొదటిసారి భుజాలు కిందికి దిగాయి. రాయక్కర్లేదు. ఆ మాట చెప్పింది తన పైన ఉన్న ఇన్‌ఛార్జి, తను కాదు. ఎవరూ తనని తప్పు పట్టరు. ఈ ఒక్క చావు ఇంకెవరికీ తెలియకుండా ఉంటే ఎంత బాగుండును అనుకుంది, అనుకుని అదిరిపడింది. తన గురించి ఊరంతా ఏమనుకుంటోందో, ఆ మనిషి ఇప్పుడు ఈ గదిలో నిలబడి ఉంది. వీడియో కింద రాసినవాళ్లు ఒక రోజు ముందే రాశారు, అంతే.

మొహం కడుక్కుంది. భర్తకి ఫోను చేసింది. "ఒకసారి వస్తారా? ఒక ఇంటికి వెళ్లాలి."

"ఎవరింటికి?"

చెప్పింది. అవతల ఆయన కుడికాలు ఎక్కడో నేలని తొక్కే ఉంటుంది. "వస్తున్నాను," అన్నాడు.

కూలీలుండే సందు ఇరుకు. రెండు పక్కలా రేకుల ఇళ్లు. సందు మొదట్లో భర్త స్కూటరు తిప్పి, రోడ్డు వైపు మొహం పెట్టి, ఇంజను ఆపకుండా నిలబడ్డాడు. "పిలిస్తే వస్తాను. పరిగెత్తాల్సొస్తే సంచి పారేసి పరిగెత్తు." సంచి మార్చమని పొద్దున్నే చెప్పాడు ఆయన. మార్చడానికి ఆమెకి ఇంకో సంచి లేదు.

సందులోపల ఇంటి ముందు ముప్పై నలభై మంది. కొందరు నేల మీద కూర్చుని, కొందరు గోడవారగా నిలబడి. శవం ఇంకా ఆస్పత్రి నుంచి రాలేదు. ఆమెని చూడగానే మాటలన్నీ ఆగిపోయాయి. చొక్కా జేబుకి మైకు తగిలించుకున్న ఒకతను, ఊళ్లో అందరికీ 'లైవ్ అన్న' అని తెలిసినవాడు, అప్పుడే ఫోను ఎత్తాడు.

"వచ్చింది చూడండి మిత్రులారా! చంపింది చాలక చూడ్డానికి కూడా వచ్చింది!"

గుమ్మంలోంచి అక్క బయటికి వచ్చింది. రెండ్రోజుల్లో మొహం సగమైపోయింది. నేరుగా నడిచి వచ్చి విలేకరి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి గాజు నొక్కుకుపోయింది. కొడుతుందనుకుంది విలేకరి. కళ్లు మూసుకుంది కూడా.

"లోపలికి రండి," అంది అక్క.

లోపల ఒకటే గది. తాడు మీద ఆరేసిన రెండు జతల బట్టలు, ఒకే కొలతవి. అక్క తలుపు దగ్గరగా వేసి, తన ఫోను తీసి చూపించింది. ఒక పడుచుపిల్ల నవ్వుతున్న ఫొటో. ముందు వెలుగుతున్న కొవ్వొత్తి బొమ్మ. కింద తొమ్మిదో నంబరావిడ పేరు.

"ఎవరమ్మా ఈ అమ్మాయి?" అంది విలేకరి.

"నాకేం తెలుసు? మా చెల్లెలు కాదు. పేరు దానిది, మొహం ఎవరిదో. మొన్నే పెట్టారు. మొన్న! నేను పక్కన కూర్చుని దాని కళ్లు తుడుస్తున్నాను. అది నా వేలు పట్టుకుని ఉంది. అప్పుడు మా చుట్టాలు ఫోను చేసి, ఎన్నింటికి తీసుకెళ్తున్నారు, మేం రావాలా అని అడుగుతున్నారు. దానికి గొంతే వాచింది, చెవులు బాగానే ఉన్నాయి. అంతా వింది." అక్క ఏడవడంలేదు. మాటలు మాత్రం ఒకదాన్నొకటి తోసుకొస్తున్నాయి. "నేను దాని కింద రాశాను, ఇది మా చెల్లెలు కాదు, మా చెల్లెలు బతికుంది అని. ఏమన్నారో తెలుసా? నిన్నెంతకి కొన్నారు అన్నారు."

విలేకరి ఆ ఫొటో కింద రాసిన మాటలన్నీ చదివింది.

"ఇద్దరికి విషమంగా ఉంది అని రాసింది మీరొక్కరే. దానికి చదివి వినిపించాను. నువ్వు బతికున్నట్టే రాశారే అన్నాను. తలాడించింది." అక్క గూట్లోంచి ఒక ఫొటో తీసింది. ఎవరిదో పెళ్లిలో దిగింది. ఎత్తు పళ్లావిడ, నోరంతా తెరిచి నవ్వుతోంది. "పళ్లు కనపడతాయని ఎప్పుడూ మూతి బిగించుకునే ఫొటో దిగేది. ఇదొక్కటే ఇలా వచ్చింది. దీన్ని వెయ్యండి. రేపే వెయ్యండి. ఆ పిల్ల ఫొటో ఇంకెంత దూరం పోతుందో."

"రేపు వేస్తే..." విలేకరి ఆగింది. అబద్ధం చెప్పడం సాధ్యం కాలేదు. "నాకు భయంగా ఉందమ్మా. మా ఆఫీసులోనూ భయపడుతున్నారు."

"నాకూ భయంగానే ఉంది," అంది అక్క. "బయట అంతమంది ఉన్నారు. ఒక్కరు కూడా దాని వయసెంత అని అడగలేదు."

విలేకరి నేల మీద కూర్చుని, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసుకుంది. ఎన్నేళ్లుగా పనిచేస్తోంది, ఆ రోజు ఏ గదిలో ఉంది, బయటికి ఎలా వచ్చింది. ఒక్కొక్కటీ మళ్లీ చదివి వినిపించింది. అక్క రెండుచోట్ల దిద్దింది.

ఇద్దరూ కలిసే బయటికి వచ్చారు. లైవ్ అన్న ఎదురొచ్చి ఫోనుని అక్క మొహానికి దగ్గరగా పెట్టాడు. "అక్కా, మీరు చెప్పండి! ఈవిడకి భయపడొద్దు. లోకమంతా చూస్తోంది. ఎంతమంది పోయారు?"

"ఒకరు," అంది అక్క.

"భయపడొద్దక్కా. మేమున్నాం. నిజం చెప్పండి. ఎంతమంది?"

"ఒకరు. మా చెల్లెలు. ఇవాళ పొద్దున్న, పదకొండూ పదికి."

అతను ఇంకో క్షణం ఆగాడు, ఇంకేమైనా వస్తుందేమో అని. తర్వాత ఫోను దించి, తెర మీద బొటనవేలితో ఏదో నొక్కి, జేబులో పెట్టుకున్నాడు. గోడవారన కూర్చున్న ఒక ముసలాయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ దారి అడ్డం పెట్టలేదు, అలాగని పక్కకీ జరగలేదు. ఆమె భుజాలు తగులుకుంటూ వెళ్లాల్సొచ్చింది.

స్కూటరు వెనక సీటు మీద కూర్చునే ఇన్‌ఛార్జికి ఫోను చేసింది.

"రాస్తున్నానండీ. రేపటికే. మీరు వెయ్యనంటే చెప్పండి, వాళ్లక్కకి నేనే వెనక్కి వెళ్లి ఆ మాట చెప్పాలి. సందు మొదట్లోనే ఉన్నాను."



"ఫొటో ఉందా?" అన్నాడాయన.

"ఉంది."

"పంపించు. అమ్మని మా చెల్లెలింట్లో దించి వస్తాను, ఈలోపు రాసి పెట్టు."

*

మర్నాడు మొదటి పేజీలో కింద, ఎడమపక్కన వచ్చింది. పద్నాలుగు లైన్లు, ఒక ఫొటో.

ఎనిమిదింటికల్లా ఆ ముక్కనే ఫొటో తీసి ఫోన్లలో తిప్పడం మొదలుపెట్టారు. ఎర్రగీత గీసి, చివరికి ఒప్పుకున్నారు, అని రాశారు. మిగతా ముప్పై తొమ్మిది ఎక్కడ, అని అడిగారు. పేపరు వేసే అతను వచ్చి, ఈ వీధిలో ఇంకో ఆరిళ్లు మానేశాయని చెప్పి, తను చెప్పాల్సొచ్చినందుకు తనే నొచ్చుకుని వెళ్లాడు. మరిది ఫోను చెయ్యలేదు. అత్తగారు కిటికీ రెక్కలు వేసే ఉంచింది. వీధిలో ఏ బండి నెమ్మదించినా ముగ్గురూ మాటలు ఆపి విన్నారు. ఆమెకి భయం ఇసుమంత కూడా తగ్గలేదు. రాసేస్తే గుండె తేలికపడుతుందనుకుంది. అలాంటిదేమీ జరగలేదు.

ఫోను మోగింది. తెలియని నంబరు. అప్పటికి పొద్దున్నుంచీ అలాంటివి పదిహేను ఎత్తకుండా వదిలేసింది. ఇదీ ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆగి, మళ్లీ.

"కట్టెయ్యరాదూ దాన్ని," అన్నాడు భర్త.

ఆమె ఎత్తింది. ఎందుకెత్తిందో ఆమెకే తెలీదు.

"పేపరామె నువ్వేనా?" మగ గొంతు. బొంగురుగా, గట్టిగా. వెనకాల ఏవో యంత్రాల మోత.

"నేనే."

అవతల మనిషి ఊపిరి వినిపిస్తోంది. ఆమె ఫోను చెవికి కాస్త దూరంగా జరిపి, తిట్ల కోసం ఎదురుచూసింది.

"మా ఆవిడ..." అన్నాడు. ఆ గట్టి గొంతు ఉన్నట్టుండి విరిగిపోయింది. "మా ఆవిడ ఆ కోల్డ్ స్టోరేజీలోనే పనిచేస్తుందండీ. నేనిక్కడ దూరంగా పనిలో ఉన్నాను. దాని ఫోను లోపలే ఉండిపోయింది. ఆస్పత్రికి చేస్తే ఎవరూ ఎత్తరు. మావాళ్లలో ఒకరు ఉందంటారు, ఒకరు లారీలో తీసుకెళ్లారంటారు, ఒకరు కొవ్వొత్తి పెట్టిన ఫొటోనే పంపారు. నాలుగు రోజులైందండీ. ఇవాళ మీరు రాసింది ఎవరో తిట్టి పంపితే చూశాను. ఆ మొహం మా ఆవిడది కాదు. దాంతో మీకు చేశానండీ. మీ నంబరు కూడా తిట్టమని పెట్టిందేనండీ. తిట్టడానికి చెయ్యలేదు."

"మీ ఆవిడ పేరు చెప్పండి."

చెప్పాడు. ఆమె సంచిలోంచి పుస్తకం తీసింది. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతుంటే వేలు తడి చేసుకుని తిప్పింది.

"ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉందా?"

"ఉంది, ఉంది. చిన్నప్పుడు గడప తగిలింది."

"ఏడో నంబరు మంచం. నిన్న సాయంత్రం నాలుగున్నరకి వెళ్లాను. కళ్లకి కట్టు ఇంకా విప్పలేదు. లేచి కూర్చున్నారు. నర్సు గ్లాసిస్తే తనే పట్టుకుని నీళ్లు తాగారు."



"మీరు చూశారా?" అన్నాడతను.

"చూశాను."

"మీ కళ్లతో?"

"నా కళ్లతోనే చూశాను."

"మరైతే ఉంది," అన్నాడు. ఆమెతో కాదు, పక్కన నిలబడిన ఎవరితోనో. "ఉందట్రా. ఈమె చూసిందట."